అపరాధ పరిశోధక నవల, దాని కార్యకర్త

అపరాధ పరిశోధక నవలను గురించి మన అభ్యుదయ విమర్శ తరుచుగా చెప్పే మాటలు రెండే. ఒకటి, అది కాలక్షేపం. రెండు, అది పలాయనం. యీ రెండూ అబద్ధాలు కావు. కాని ఒక సాహిత్యాన్ని గురించి రెండు మాటలు చెప్పి వూరుకున్న విమర్శ, ఆ సాహిత్యాన్ని చదివే అశేష జనాన్ని గురించి కూడా ఆ రెండు మాటలే చెప్పి వూరుకున్నట్టు లెక్క. కనక నేను నవలను కాస్సేపు పక్కన బెట్టి, దాన్ని చదివేవాడి దగ్గర, అందులోనూ దానికోసం వొళ్లు వంచి పనిచేసేవాడి దగ్గర మొదలుపెడతాను.

అమెరికాలో బౌచర్‌కాన్ అనే సభ వున్నది. 1968లో చనిపోయిన ఆంథొనీ బౌచర్ అనే రచయిత, విమర్శకుడి పేర 1970లో శాంటా మోనికాలో మొదలై, వూరు మార్చుకుంటూ యిప్పటికీ నడుస్తున్నది. డిటెక్టివు నవలలు రాసేవారూ, అచ్చువేసేవారూ, అమ్మేవారూ, వుత్తినే చదివేవారూ అక్కడ ఒక కప్పు కింద చేరుతారు. సభను నడిపేది కార్యకర్తలు. పేర్లు నమోదు చేసుకోవటం, సంచుల్లో పుస్తకాలు సర్దటం, వక్తకు యింకా అయిదు నిమిషాలే వున్నదని అట్టముక్క చూపించటం, సంతకాలకోసం నిలబడ్డ వరసను చక్కబెట్టటం, యివన్నీ జీతం లేని పనులు. చేసేది చాలావరకు పాఠకులే. యిందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన విషయం వేరే వున్నది. 1986 నుంచి ఆ సభలో యిస్తున్న ఆంథొనీ బహుమతులను నిర్ణయించేది పండితుల సంఘం కాదు. సభకు వచ్చినవారి వోట్లు. అంటే వుదయం పుస్తకాల పెట్టె మోసినవాడు సాయంత్రం యే పుస్తకం మంచిదో చెప్పగలడు.

యిదేదో సోషలిజమని నేను భ్రమపడటంలేదు. ఆ సంచుల్లో సర్దే పుస్తకాలు ప్రచురణకర్తలు తమ సరుకు ప్రచారంకోసం పంపేవి. పెట్టుబడిదారు తన ప్రచారం పనిని పాఠకుడి అభిమానం చేత వూరికే చేయించుకుంటున్నాడని వాదిస్తే కాదనటం కష్టం. కార్యకర్తగా చేరినవారిలో రేపు తన నవల అచ్చు కావాలని ఆశించి, ప్రచురణకర్త కంట పడటానికి వచ్చినవాడూ వుంటాడు. స్వచ్ఛంద సేవకూ వెట్టికీ మధ్య వున్న గీత చాలా సన్ననిది. ఆ గీత యెక్కడ వున్నదని అడిగితే, పనిచేసినవాడికి మాట వున్నదా లేదా అన్నచోట వున్నదని నా సమాధానం.

యిక మన సంగతి. సభలు చేయటం మనకు కొత్త కాదు. మొదటి ఆంధ్రమహాసభ 1913లో బాపట్లలో జరిగింది. అభ్యుదయ రచయితల మొదటి మహాసభ 1943లో తెనాలిలో, తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన జరిగింది. ఆహ్వానసంఘం, వాలంటీర్లు, బాడ్జీలు, భోజనాల పంక్తి, యివన్నీ మన ప్రాంతపు చదువుకున్న కుటుంబాలకు పెళ్లిపనులంత పరిచయం. కాని మన సభల్లో వాలంటీరు యెవరు? కాలేజీ కుర్రవాడు. అతను కుర్చీలు వేస్తాడు, మైకు సరిచూస్తాడు, వక్తలను స్టేషను నుంచి తీసుకువస్తాడు, అందరికన్నా ఆఖర్న తింటాడు. వందన సమర్పణలో అతనికి పేరుండదు. “కార్యకర్తలందరికీ” అనే మాటలో యిమిడిపోతాడు.

నేను విద్యార్థిగా వున్నప్పుడు బాపట్లలో ఒక సాహిత్యసభకు అట్లా పనిచేశాను. నాతోపాటు రేపల్లె నుంచి వచ్చిన కుర్రవాడొకడు వుండేవాడు. రైల్లో చదువుకోవటానికి తెచ్చుకున్న పాత డిటెక్టివు నవల, అద్దె పుస్తకాల షాపు ముద్ర వున్నది, అతని చేతిసంచిలో వుంది. వేదిక మీద ఒక పెద్దాయన అటువంటి నవలలను నల్లమందుతో పోల్చి, చదివేవారిని యువతరపు శాపంగా వర్ణిస్తున్నాడు. మేము తెరవెనక మంచినీళ్ల గ్లాసులు సర్దుతున్నాం. ఆ కుర్రవాడు మాటైనా అనకుండా పుస్తకాన్ని సంచి అడుక్కు తోసి, పైన తువ్వాలు కప్పాడు. ఆ తరవాత యెవరో పిలిస్తే వెళ్లి అదే పెద్దాయనకు నీళ్లిచ్చి వచ్చాడు. ఆ వుపన్యాసంలోని వాదం యెంత సరైనదైనా కావచ్చు. అది ఆ కుర్రవాడి చేత పుస్తకం దాయించింది తప్ప, దాన్ని గురించి ఆలోచింపజేయలేదు. విమర్శ చేయవలసిన పని పుస్తకం దాయించటం కాదు గదా.

తెనాలి పేరు యెత్తాను గనక మరొక సంగతి చెప్పాలి. చలం బాల్యం గడిచింది తెనాలిలో. ఆ చలం కుటుంబానికే చెందిన కొమ్మూరి సాంబశివరావు (1926-1994) తెలుగులో డిటెక్టివు నవలకు యింటింటా పాఠకులను సంపాదించాడు. ఆయన సృష్టించిన యుగంధర్, అసిస్టెంటు రాజు, యుగంధర్ నడిపే క్రైస్లర్ కారు ఒక తరం పాఠకులకు తమ బంధువులంత తెలుసు. అదే తెనాలి కుటుంబరావుకూ పుట్టినవూరు. అంటే మన గంభీర సాహిత్యమూ, మనం వెలివేసిన సాహిత్యమూ చాలా దగ్గర యిళ్లలోంచే వచ్చాయి. అయినా నేను ఎం.ఏ. చదివిన రెండేళ్లలోనూ యుగంధర్ మీద ఒక్క ప్రశ్న రాలేదు. యిప్పుడు పాఠం చెబుతున్న నాకూ ఆ అవకాశం లేదు.

యుగంధర్‌కు సాయంగా వచ్చే పోలీసు ఇన్‌స్పెక్టరు పేరు స్వరాజ్యరావు. యీ పేరు దగ్గర మన విమర్శ ఆగి ఆలోచించవలసింది. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసులు కాల్పులు జరిపి యేడుగురిని చంపారు. ఆ చోటును యిప్పుడు రణరంగ్ చౌక్ అంటారు. ఆ తరవాత తెలుగు నవలలోకి స్వరాజ్యం పేరు పెట్టుకున్న పోలీసు అధికారి వచ్చాడు. నిజాయితీపరుడు, కాస్త మందబుద్ధి, తెలివిగల ప్రైవేటు మనిషి సలహాకు యెదురుచూసేవాడు. పోలీసును యింత సాధువుగా పాఠకుడు యెందుకు కోరుకున్నాడు? కొత్త ప్రభుత్వం తనదేనన్న నమ్మకమా? లేక తన అనుభవంలో లేని న్యాయాన్ని పుస్తకంలో అయినా చూడాలన్న ఆకలా? నాకు రెండోది యెక్కువ సరి అనిపిస్తుంది. ఆ ఆకలిని పలాయనమని కొట్టివేస్తే, ఆకలి వున్నదని మనం యెప్పటికీ తెలుసుకోలేం.

అసలు లోపం మరొకచోట వున్నది. డిటెక్టివు నవల మొత్తం ఒకే ప్రశ్న మీద నిలబడుతుంది: చంపింది యెవరు? చివరి ప్రకరణంలో పేరు బయటపడగానే లోకం చక్కబడుతుంది. తెనాలి నుంచి బాపట్లకు పోయే రైలు చుండూరు మీదుగా పోతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. శవాలను గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. అందులో రహస్యం యేమీ లేదు. యెవరు చంపారో తెలుసుకోవటానికి వూరికి యుగంధర్ అక్కరలేదు. ఆ వూళ్లోనే పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఒక్కొక్క యేడు శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. అంటే యిక్కడి కథ డిటెక్టివు నవలకు పూర్తిగా తలకిందులు: మొదటి పేజీలో అందరికీ తెలిసిన సంగతి, చివరి పేజీకి యెవరూ చేయనిదైపోయింది. యిటువంటి నేరాన్ని యిముడ్చుకోగల అపరాధ నవల తెలుగులో రావాలి. మనం మౌనంగా వున్నంతకాలం అది తనంత తాను రాదు.

యీ ప్రక్రియలో అది అసాధ్యమనేవారికి డాషియల్ హామెట్‌ను చూపిస్తాను. అతను సమ్మెలు విరగ్గొట్టటంలో పేరుమోసిన పింకర్టన్ డిటెక్టివు సంస్థలో కొన్నేళ్లు వుద్యోగం చేసినవాడు. 1929లో “రెడ్ హార్వెస్ట్” రాశాడు. అందులో ఒక గని పట్నం. సమ్మెను అణచటానికి యజమాని పిలిపించిన గూండాలే ఆఖరికి పట్నాన్ని ఆక్రమించుకున్నారు. హంతకుణ్ణి పట్టుకున్నా ఆ వూరు బాగుపడదని ఆ నవలలో పాఠకుడికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరవాత హామెట్ కమ్యూనిస్టు వుద్యమంలోకి వచ్చాడు. 1951లో, రాజకీయ నిందితుల జామీను నిధికి డబ్బిచ్చినవారి పేర్లు చెప్పనని కోర్టులో నిరాకరించి జైలుకు పోయాడు. పేర్లు బయటపెట్టే కథలు రాసిన మనిషి, తన సొంత కథలో పేరు దాచి శిక్ష అనుభవించాడు! స్వీడన్‌లో మయ్ ష్యోవాల్, పెర్ వాలూ అనే మార్క్సిస్టు రచయితలు 1965-75 మధ్య పది నవలల్లో ఒక సంక్షేమ రాజ్యాన్ని పోలీసు ఠాణా కిటికీలోంచి పరీక్షించారు. ఎర్నెస్ట్ మాండెల్ 1984లో యీ ప్రక్రియకు మార్క్సిస్టు చరిత్రే రాశాడు. పైగా తను యీ నవలలు యిష్టంగా చదువుతానని సిగ్గుపడకుండా వొప్పుకున్నాడు. మన విమర్శకుల్లో యెంతమంది అట్లా వొప్పుకుంటారు? బీరువాలు తెరిపించి చూడాలి.

కనక అపరాధ పరిశోధక సాహిత్యం మీద మన సంఘం తెనాలిలో ఒకరోజు సభ పెట్టాలని నా ప్రతిపాదన. అందులో వక్తల జాబితాకన్నా కార్యకర్తల జాబితా ముందు తయారుకావాలి. ఒకప్పుడు అద్దె షాపులు నడిపినవారు, పాత నవలలు దాచుకున్న టీచర్లు, బాపట్ల, రేపల్లె కాలేజీల విద్యార్థులు అందులో వుండాలి. కుర్చీలు వేసేవాడికీ చర్చలో వంతు వుండాలి. వుత్తమ నవలను యెన్నుకోవటంలో అధ్యక్షుడికీ, నీళ్లిచ్చేవాడికీ చెరొక వోటే వుండాలి. మొదటి చర్చకు విషయం స్వరాజ్యరావు, రెండోదానికి చుండూరు. సాయంత్రం రేపల్లె బండి అందుకోవలసినవారిని ముందు మాట్లాడనివ్వాలి. పెద్దలు ఆ తరవాత మాట్లాడవచ్చు.