దత్తమండలములలో దారిద్ర్య నిర్మూలనము: అంతర్జాతీయ సంస్థల కృషిపై ఒక విమర్శ

బళ్ళారి ఆంధ్రులు వెలువరించు సంచికలయందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారిని గూర్చియు, కోలాచలము శ్రీనివాసరావుగారిని గూర్చియు, రాఘవ నటనను గూర్చియు వ్యాసములుండుట పరిపాటి. అది ఉచితమే. కాని ఈ సీమలో నాటకశాలకు వెలుపల నడచిన పెద్ద కథ వేరొకటి కలదు. అది కరవు కథ. ధాత సంవత్సరమున మొదలై 1878 వరకు సాగిన క్షామము మొదలుకొని నేటివరకు ఈ కథలో ఎందరో పాత్రధారులు వచ్చి పోయిరి. దొరతనమువారు గంజి కేంద్రములు పెట్టిరి, రైలుదారులు వేసిరి, తుదకు తుంగభద్రకు ఆనకట్ట కట్టిరి. ఇటీవలి అంకమున ప్రవేశించినవి అంతర్జాతీయ సంస్థలు. వాని కృషి ఎంతవరకు ఫలించినదో మనకు అతి సమీపమున, కొన్ని గ్రామములలో ఏటి కావలి ఒడ్డుననే, చూడవచ్చును.

సరిహద్దు మాట ముందుగా చెప్పవలసియున్నది. 1800లో నిజాము ఆంగ్లేయుల కిచ్చిన నేలలో బళ్ళారి, అనంతపురము, కర్నూలు సీమలు కలిసియే యుండెను. 1882లో అనంతపురము బళ్ళారినుండి విడివడెను. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు క్రొత్త ఆంధ్రరాష్ట్రమునకు చెందెను. మిశ్రా విచారణ పిమ్మట బళ్ళారి తాలూకా మైసూరునకు పోయెను. నేల మారలేదు. ఆ నల్లరేగడియే, ఆ ఎఱ్ఱ చెలకయే, ఆ వేదవతియే. వర్షము 550 మిల్లీమీటర్లకు అటునిటు. తుంగభద్ర ఎగువ కాలువ బళ్ళారి పొలములను దాటి అనంతపురమునకును, దిగువ కాలువ కర్నూలు సీమకును పోవుచున్నవి. నీరు దాటిన ఈ గీతను పథకములు మాత్రము దాటలేదు. విమర్శకునకు ఇది ఒక విధముగ అనుకూలము. ఒకే నేల, ఒకే వాన, ఒకే మాట గల రెండు పల్లెలలో ఒకదానికి సంస్థ వచ్చినది, రెండవదానికి రాలేదు. ఇంతకంటె మంచి తులాదండము పరిశోధకునకు దొరకదు.

1993లో ఢాకాలో సమావేశమైన దక్షిణాసియా దేశాధినేతలు 2002 నాటికి తమ దేశములలో దారిద్ర్యమును రూపుమాపగలమని తీర్మానించిరి. ఆ గడువు ఎట్లు గడచినదో పాఠకులకు చెప్పనక్కరలేదు. తీర్మానము ఫలముగ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము 1996 ప్రాంతమున ఆరు దేశములలో దక్షిణాసియా దారిద్ర్య నివారణ కార్యక్రమమును ఆరంభించెను. భారతదేశమున అందుకు ఎన్నుకొనబడినవి కర్నూలు, అనంతపురము, మహబూబునగరము జిల్లాలలోని 20 మండలములు. దీనికి మార్గదర్శకుడు షోయబ్ సుల్తాన్ ఖాన్. ఆయన కొమిల్లా ప్రయోగకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ శిష్యుడు, గిల్గిత్ కొండలలో 1982 నుండి ఆగాఖాన్ గ్రామీణ సహాయ కార్యక్రమమును నడపినవాడు. పేదవానికి కావలసినది దానము కాదు, సంఘము. సంఘము ఏర్పడినచో పొదుపు, పొదుపుతో నేర్పు, నేర్పుతో అప్పుతెచ్చుకొను అర్హత వచ్చునని ఆయన సిద్ధాంతము. హిమాలయ సానువుల ఆలోచన ఓర్వకల్లు రాతి నేలకు వచ్చుట విచిత్రముగ తోచును గాని, రెండు చోట్లను ప్రభుత్వము దూరము, వడ్డీ వ్యాపారి దగ్గర.

పద్ధతి సులభము. పదిమంది మొదలు పదునైదుగురు స్త్రీలు ఒక సంఘము. ప్రతి వారము కూడుట, రోజునకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టుట, అందుండియే ఒకరికొకరు అప్పు లిచ్చుకొనుట. సంఘములు కలిసి గ్రామసంఘము, గ్రామసంఘములు కలిసి మండల సమాఖ్య. కర్నూలు జిల్లా ఓర్వకల్లు సమాఖ్య వీనిలో ప్రఖ్యాతి వహించినది. దేశ విదేశముల ఉద్యోగులు దానిని తీర్థయాత్రగ దర్శించిరి. దర్శనమునకు తీసికొనిపోయిన పల్లె సాధారణముగ చక్కగనే యుండును. దానినిబట్టి తక్కిన పల్లెలను అంచనా వేయరాదు.

ఇచట ఒక న్యాయము చెప్పవలెను. ఈ సంఘములను సంస్థ పుట్టించినదని కొందరు వ్రాసిరి. అది సరికాదు. కేంద్రప్రభుత్వపు డ్వాక్రా సంఘములు 1982 నుండియే కలవు. యూనిసెఫ్ వానికి చేయూత నిచ్చినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ నిప్పు జిల్లాలు దాటెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధింపబడెను. సారాకు పోవు రూపాయి ఇంటనే నిలిచినచో ఏమి చేయవలెనను ప్రశ్నకు నెల్లూరు స్త్రీలు చెప్పిన జవాబే పొదుపు. 1992లోనే నాబార్డు 500 సంఘములతో బ్యాంకు అనుసంధానమును పరీక్షింప మొదలిడెను. కాబట్టి ఐక్యరాజ్యసమితి సంస్థ బీడు దున్నలేదు, మొలచిన పైరునకు నీరు పెట్టినది. నీరు పెట్టుట చిన్న పని కాదు. కాని పంట ఎవరిదను ప్రశ్న వచ్చినపుడు దున్నినవారి పేరు ముందు రావలెను.

2000లో రాష్ట్రప్రభుత్వము గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థను స్థాపించి ఈ పద్ధతిని పెద్దది చేసెను. ప్రపంచ బ్యాంకు మొదట ఆరు జిల్లాలకు 11 కోట్ల 10 లక్షల డాలర్లును, 2003లో తక్కిన జిల్లాలకు 15 కోట్ల డాలర్లును ఋణముగ నిచ్చెను. అనంతపురము మొదటి ఆరింటను, కర్నూలు రెండవ విడతలోను చేరినవి. ‘వెలుగు’ అను పేర మొదలై ‘ఇందిరా క్రాంతి పథము’గ మారిన ఈ పథకమున 2010 నాటికి కోటిమందికి పైగా స్త్రీలు సభ్యులైరి. ప్రపంచమున ఇంత పెద్ద స్త్రీల సంఘవ్యవస్థలు అరుదు.

ఫలిత మేమి? బ్యాంకు పరిశోధకులు డైనింగర్, లియూ 2004, 2006 సంవత్సరములలో ఇంటింట సేకరించిన వివరములపై 2009లో ఒక నివేదిక వెలువరించిరి. సొంత సంస్థవారే వ్రాసినను దాని నిజాయితిని మెచ్చుకొనవలెను. స్త్రీల స్వాతంత్ర్యము పెరిగినది, సంఘములో చేరని స్త్రీలకు సైతము కొంత మేలు కలిగినది, తినుతిండి మెరుగైనది, కాని ఆదాయమును ఆస్తియు నాటికి చెప్పుకోదగినంత పెరుగలేదని వారు తేల్చిరి. ఎక్కువ కాలము పథకములో నున్నవారికి ఆస్తి కొంత కూడినదని తరువాతి పరిశీలనమున చెప్పిరి. బీహారులో ఇట్టి పథకముపైననే విజయేంద్రరావు మొదలగువారు చేసిన పరీక్షలోను హెచ్చు వడ్డీ అప్పులు తగ్గుట స్పష్టముగను, బ్రతుకుతెరువు మారుట అస్పష్టముగను కనబడెను.

తిండి మెరుగగుట వెనుక నున్న ఏర్పాటు గమనింపదగినది. గ్రామసంఘము బియ్యమును టోకున కొని సభ్యులకు అప్పుగ నిచ్చి, నెలనెలా కొంచెము కొంచెముగ తిరిగి తీసికొనుచుండెను. కూలిజనుల కష్టము ధరలోనే లేదు, కాలములో నున్నది. కూలి దొరకని ఆషాఢ శ్రావణములలో శేరు శేరుగ చిల్లర అంగడిలో అప్పుపై కొనుటవలన పేద ఇంటికి ధనికుని ఇంటికంటె బియ్యము ప్రియమగుచుండెను. ఆ వ్యత్యాసమును తొలగించుటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు, తక్కెడయు లెక్కపుస్తకమును నమ్మకమును చాలును. ఇన్ని కోట్ల డాలర్ల పథకమున నిక్కముగ ఆకలిని తాకినది ఈ అల్పమైన ఏర్పాటే యని నా అభిప్రాయము. నివేదికలలో దీనికి దక్కిన చోటు స్వల్పము. సంఘముల సంఖ్యకు, పొదుపు మొత్తమునకు, అప్పు తీర్చుబడి శాతమునకు దక్కిన చోటు విస్తారము. అప్పు తీరుచున్నదా అని అడిగిరి గాని, ఏమి అమ్మి తీర్చుచున్నారని అడుగువారు తక్కువ.

పావలా వడ్డీ సంగతియు ఇట్టిదే. నూటికి నెలకు మూడు, ఐదు రూపాయలు గుంజు వడ్డీ వ్యాపారి ఎదుట నూటికి పావలా, అనగా ఏటికి 3 శాతము, అమృతప్రాయమే. కాని అప్పు చవుక యగుటయు ఆదాయము పెరుగుటయు ఒకటి కావు. అనంతపురము జిల్లాలో ఒకానొక కాలమున 7 లక్షల హెక్టారులకు పైగా వేరుశనగయే వేసిరి. వాన తప్పినచో జిల్లాకు జిల్లాయే తప్పును. అట్టి యేట చవుక అప్పుతో కొన్న విత్తనమును ఖరీదైన అప్పుతో కొన్న విత్తనమును ఒకే మన్నులో ఎండును. పొదుపుసంఘము మేఘమును పిలువలేదు, బోరులో నీరు పుట్టింపలేదు. పేద స్త్రీలకు భూమి కొనిపెట్టు ఏర్పాటు ఈ పథకమున ఉన్నమాట నిజము. కాని అది రాష్ట్రము మొత్తముమీద కొద్ది వేల ఎకరములతో నిలిచిపోయెను. భూమి, నీరు, కూలి అను మూడింటిని ముట్టక అప్పును మాత్రమే సవరించుట రోగిని విడిచి పథ్యమును సవరించుట వంటిది. కూలిని ముట్టినది మరియొక చట్టము. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆరంభమైన జాతీయ ఉపాధి హామీ ఏ విదేశ సంస్థ అప్పుతోను నడచినది కాదు. దుర్భిక్షపు సీమలో కూలిపనిని హక్కుగ చేసిన ఆ చట్టమును ప్రక్కన నిలిపి చూడక వెలుగు పథకమును తూచుట పాక్షికమగును.

మరి యొక లోపము. వారము వారము కూడుట, తప్పక పొదుపు చేయుట అను నియమములు స్థిరముగ ఊరిలో నుండువారికి అనుకూలములు. ఆదవాని, ఆలూరు పల్లెలనుండి మిరపకాయ కోతలకు గుంటూరు సీమకు పోవు కుటుంబములును, అనంతపురమునుండి బెంగుళూరు కట్టడములకు పోవువారును ఇంటికి తాళమువేసి నెలల తరబడి పోవుదురు. వారు ఊరిలో లేని వారములలో సంఘము కూడును. తప్పినవారి పేరు పుస్తకమున ఎఱ్ఱ సిరాతో పడును. అట్లు జారిపోయినవారే పథకము వెదకిన అతి పేదలు.

ఇక 2010 నాటి దుర్ఘటన. సంఘముగ కూడుటకును, అప్పు తీర్చుటకును అలవాటుపడిన లక్షల స్త్రీలు సూక్ష్మఋణ సంస్థల కంటికి సిద్ధమైన పంటవలె కనబడిరి. ఒకే స్త్రీ సంఘపు అప్పును, ఒకటి రెండు సంస్థల అప్పులను మోయుచు ఒకదానితో నొకటి తీర్చసాగెను. వసూలు వేధింపులును ఆత్మహత్యలును వార్తలకెక్కిన పిమ్మట 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అత్యవసర శాసనమును జారీచేసెను. తలుపులు తెరచినది సంఘవ్యవస్థయే యని అనుట అన్యాయమగును. కాని తెరచిన తలుపునకు కాపలా ఎవరని ఐక్యరాజ్యసమితిగాని, ప్రపంచ బ్యాంకుగాని ముందే ఆలోచింపకపోవుట ఉపేక్షింపదగిన విషయము కాదు.

ఆ శాసనము రాష్ట్రపు గీతవరకే నిలిచినది. గుంతకల్లులో వసూలు ఆగెను. ఏబది కిలోమీటర్ల దూరమున బళ్ళారిలో సాగెను. కర్ణాటక ప్రభుత్వము బలవంతపు వసూళ్లను నిషేధించు అత్యవసర శాసనమును తెచ్చినది 2025 ఫిబ్రవరిలో. నడుమ పదునాలుగేండ్లకు పైగా గడచినవి. మేలు దాటని గీతను కీడునుండి రక్షణయు దాటలేదు.

బళ్ళారి ప్రక్క ఏమియు జరుగలేదని నా ఉద్దేశము కాదు. కర్ణాటకమున స్త్రీశక్తి సంఘములు 2000-01 నుండి నడచుచున్నవి. 2011లో ఆంధ్ర నమూనా జాతీయ గ్రామీణ జీవనోపాధి పథకముగ మారగా, ప్రపంచ బ్యాంకు దానికి 100 కోట్ల డాలర్ల ఋణ మొసగెను. కర్ణాటకమున అది సంజీవిని అను పేర ప్రవేశించెను. ఓర్వకల్లు పద్ధతి ఢిల్లీ చుట్టు తిరిగి పదునైదేండ్లకు వేదవతి దాటినదన్నమాట. దాటినపుడు ఒక చిక్కు వచ్చినది. సరిహద్దు పల్లెల స్త్రీలకు మాట తెలుగు, పద్దు కన్నడము. కన్నడము చదువ నేర్చిన యువతి సంఘమున ఒక్కతె యున్నచో లెక్క యంతయు ఆమె చేతిలోనిదే. తన పేరిట ఎంత అప్పు వ్రాయబడినదో తాను చదువలేని స్త్రీకి స్వయంసహాయ మను మాట వినుటకే గాని అనుభవమునకు రాదు. కన్నడిగ సోదరులపై ఇది ఫిర్యాదు కాదు. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము సీమలలో కన్నడము మాటలాడు స్త్రీలకు తెలుగు పద్దుతో ఇదే చిక్కు.

కావున మన సంఘమువారు చేయదగిన పని యొకటి కలదు. రాయదుర్గము తాలూకాలో నాలుగు పల్లెలు, వేదవతి కీవల బళ్ళారి తాలూకాలో నాలుగు పల్లెలు ఎన్నుకొని, 1996 మొదలు నేటివరకు ఆయా ఇండ్లలో భూమి ఎంత, బోరు లెన్ని, వలస ఎన్ని నెలలు, అప్పు ఎవరికి, ఆషాఢమున బియ్యము ఎట్లు వచ్చుచున్నవి అని అడిగి వ్రాయవలెను. తొలి సంఘముల తీర్మాన పుస్తకములు గ్రామసంఘముల ఇనుప పెట్టెలలో చెదలు పట్టక మునుపే వానిని చూడవలెను. తెలుగు కన్నడములు రెండును చదువగల యువకులు మన బళ్ళారిలో కొదువలేదు. ఆ పుస్తకముల నొకచోట చేర్చి పోల్చుటకు వారికంటె తగినవారు వాషింగ్టనులో దొరకరు.