క్లూస్ టీం చేతుల్లోనే కేసు

హత్య వార్తల్లో ముందు ఎస్పీ మాట వస్తుంది, తర్వాత జాగిలం పేరు వస్తుంది. ‘క్లూస్ టీం ఆధారాలు సేకరించింది’ అన్న ముక్క చిట్టచివర్న ఉంటుంది. నన్నడిగితే అసలు వార్త అదే.

ఆదిలాబాద్ పత్తిచేలలో వాన వెలిశాక నల్లరేగడిలో దిగిన చెప్పు ముద్రను ఎత్తడం చూడాలి. టెక్నీషియన్ ముందు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తాడు. చుట్టూ రేకు చట్రం నిలిపి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను దోసెపిండంత జారుగా కలుపుతాడు. నేరుగా గుమ్మరిస్తే మడమ గీతలు చెదిరిపోతాయి కాబట్టి, గరిటె అడ్డం పెట్టి అంచు నుంచి మెల్లగా జారనిస్తాడు. గట్టిపడేదాకా ఎవరెంత తొందరపెట్టినా కదలనివ్వడు. లేపాక అంటుకున్న మట్టిని అక్కడే కడగడు. ఒకే కంపెనీ చెప్పులు వెయ్యి జతలున్నా, ఒక పక్క అరిగిన మడమ, గుచ్చుకున్న ముల్లు గుంట ఒక్కదానికే ఉంటాయి. అది పట్టుకునే కంటికి దండం పెట్టాలి!

వేలిముద్రదీ అంతే. గాజు గ్లాసు మీద బ్రష్ కొస మాత్రమే తగలాలి. పొడి ఎక్కువైతే రేఖల మధ్య సందులు పూడిపోతాయి. కాగితమైతే నిన్‌హైడ్రిన్ పూస్తే చెమట ముద్ర ఊదా రంగులో పైకి తేలుతుంది. ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. వర్గీకరణకు లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది. నేనైతే దాన్ని హక్-బోస్ పద్ధతి అనే అంటాను.

మన జిల్లాల్లో ల్యాబ్‌కు పెద్ద పని పురుగుల మందు, కల్తీ కల్లు. పోస్టుమార్టంలో తీసిన విస్రాను, అంటే లోపలి అవయవాల ముక్కలను, చిక్కటి ఉప్పు ద్రావణంలో, రక్తాన్ని సోడియం ఫ్లోరైడ్ వేసి పంపాలి. కల్లులో క్లోరల్ హైడ్రేట్ ఉందేమో చూడాలంటే నమూనాకు క్షారం, పిరిడిన్ కలిపి వేడినీళ్లలో పెడతారు. పై పొర గులాబీ రంగు తిరిగిందంటే దొంగ దొరికినట్టే.

డీఎన్‌ఏ దగ్గరికొస్తే లాల్జీ సింగ్‌ను తలవకుండా ఎలా? హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో కట్లపాము జాతి డీఎన్‌ఏ నుంచి తీసిన ప్రోబ్‌తో మనుషుల ఆనవాలు పట్టిన మహానుభావుడాయన.

2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఒక మహిళపై అత్యాచారం చేసి చంపిన ఘోరానికి, ‘సమత’ కేసుగా మనం గుర్తుపెట్టుకున్నదానికి, 2020 జనవరి 30న ఆదిలాబాద్ కోర్టు తీర్పు చెప్పింది. ల్యాబ్ నివేదికలు ఏళ్లకేళ్లు మూలపడితే ఇంత వేగం కలలో మాట.

ఇంత నేర్పుకు మనం చేస్తున్నదేమిటి? క్లూస్ టీం బండి చేరేసరికి ఊరు ఊరంతా శవం చుట్టూ సెల్‌ఫోన్లతో తొక్కేసి ఉంటుంది. నెత్తురు తడి ఆరని చీరను పాలిథిన్ కవర్లో కుక్కి మూట కడతారు, రెండు రోజులకే బూజు. నీడన ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలన్న చిన్న సంగతి ఎన్నిసార్లు చెప్పాలి? పైగా టీవీ చర్చల్లో ‘నార్కో చేయిస్తే నిజం కక్కుతాడు’ అన్న కేకలు! ఇష్టం లేని మనిషికి నార్కో పరీక్ష చేయకూడదని 2010లోనే సుప్రీంకోర్టు సెల్వి కేసులో తేల్చేసింది. మత్తులో వాగినదాన్ని శాస్త్రం అనడం ఆ చెప్పు ముద్ర ఎత్తిన చేతులకు అవమానం.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలంటోంది. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. ఆ గడువు ముగిసేదాకా చేతులు కట్టుకు కూర్చోవద్దని ప్రభుత్వానికి నా మనవి. ఉట్నూరులో శవం దొరికితే దూరాన్నుంచి బండి రావాల్సిన అవస్థ తప్పాలి. పర్మినెంటు పోస్టులివ్వండి, కుర్రవాళ్లను పాతకాపుల పక్కన నిలబెట్టి పని నేర్పించండి. అందాకా ఎస్సైలూ, ప్రతి జీపులో కాగితపు కవర్లు, ఒక టేపు చుట్ట పెట్టుకోండి. ముందు జనాన్ని ఆపి, టేపు కట్టి, ఆ తర్వాతే పై అధికారికి ఫోన్ చేయండి.