అవధానం టార్చిలైటు వంటిదేనా?

చూపులోని అవధానాన్ని వివరించేటప్పుడు టార్చిలైటును పోలికగా చెప్పడం చాలాకాలంగా వస్తున్న అలవాటు. చీకటిలో వెలుగు పడినచోటనే వస్తువు కనబడినట్లు, అవధానం నిలిచినచోటనే మెదడుకు స్పష్టత కలుగుతుందని దాని భావం. మైకేల్ పోస్నర్ 1980లో ప్రకటించిన ప్రయోగాలు దీనికి బలం చేకూర్చినవి. కన్ను కదలకపోయినా, ముందుగా సూచించిన చోట వెలిగిన గుర్తును మనుషులు త్వరగా పట్టుకోగలిగారు. ఇంతవరకు పోలికను తప్పుపట్టవలసినది లేదు.

అయితే తిరునాళ్ళలో తప్పిపోయిన బిడ్డను వెదికే తల్లి సంగతేమిటి? వాడెక్కడ ఉన్నాడో ఆమెకు తెలియదు. ఎర్రచొక్కా తొడిగినట్లు మాత్రం తెలుసు. చోటే తెలియనప్పుడు దీపాన్ని ఎటు తిప్పాలి? టార్చి పోలిక వద్ద దీనికి జవాబు లేదు.

జవాబు 1999లో జర్మనీనుండి వచ్చినది. స్టెఫాన్ ట్రాయె, హూలియో మార్టినెజ్ త్రుహియ్యో కోతి మెదడులో కదలికను గుర్తించే భాగాన్ని పరీక్షించారు. అక్కడ ఒక్కొక్క నాడీకణానికి ఒక్కొక్క దిక్కు కదలికపై మక్కువ. కణం చూచే చోట ఒక చుక్కల గుంపును కదిలించి, కోతిచేత మాత్రం తెర అవతలి సగంలోని మరొక గుంపును గమనింపజేశారు. ఆ రెండవ గుంపు కణానికి నచ్చిన దిక్కున కదిలితే, కణం స్పందన పెరిగినది. ఎదురు దిక్కున కదిలితే తగ్గినది. కణం ముందున్న చుక్కలు మాత్రం మారనేలేదు! అవధానం ఇక్కడ చోటును కాక లక్షణాన్ని ఎన్నుకొన్నది. దాని ప్రభావం దృశ్యమంతటా పాకినది. 2002లో మనుషుల మెదడులోనూ, కదలికతోపాటు రంగు విషయంలోనూ ఇటువంటి ఫలితమే కనబడినది. అంటే ఆ తల్లి మెదడు, బిడ్డ కనబడకముందే, ఎరుపుకు స్పందించే కణాలను తిరునాళ్ళ నలుమూలలకూ సిద్ధం చేసి ఉంచుతున్నదన్నమాట.

పోలికకు మరొక చిక్కు కూడా ఉన్నది. 1999లోనే సైమన్స్, షాబ్రీ చూపిన చిత్రంలో తెల్లచొక్కాల జట్టు, నల్లచొక్కాల జట్టు బంతులు అందించుకొంటుండగా, గొరిల్లా వేషధారి వారి మధ్యగా నడచిపోయాడు. బంతి మార్పులు లెక్కించినవారిలో దాదాపు సగంమంది అతనిని గమనించలేదు. తెల్లజట్టును లెక్కించినవారికంటె నల్లజట్టును లెక్కించినవారే నల్లని గొరిల్లాను ఎక్కువగా గుర్తించారు. ఇరువురూ చూచినది ఒకే ఆటస్థలం; వెదకిన రంగే వేరు.

సూక్ష్మదర్శినిలో ఉల్లిపొరను చూపి, "అదుగో కేంద్రకం" అంటే, కొత్త విద్యార్థి సరిగా అక్కడే చూస్తూ కూడ ఏమీ కనబడలేదంటాడు. అతనికి చోటు చెప్పారు; గుండ్రని ముదురు చుక్కను వెదకమని చెప్పలేదు.