మంచు గర్భాన మొలిచిన అనుమానమా!

ఓ హిమరాత్రీ! తెల్లగా నవ్వి నల్లగా భయపెట్టే మాయావీ! మళ్లీ నీ వాకిట నిలిచాను. నీ కథ తెలుసు. నీలో దాగిన దొంగ ఎవరో తెలుసు. నీ తలుపు ఏ క్షణాన మూసుకుంటుందో, నీ దీపం ఏ క్షణాన ఆరుతుందో తెలుసు. తెలిసీ వణుకుతున్నాను, వణుకుతూనే చేతులు జోడిస్తున్నాను. ‘ది ఎక్స్ ఫైల్స్’ తొలి సీజన్‌లో ఎనిమిదో ఎపిసోడ్‌వై, ‘ఐస్’ అన్న పొట్టి పేరు పెట్టుకుని, 1993 నవంబరు 5న అమెరికాలో ఫాక్స్ ఛానల్ తెర మీద తొలిసారి కురిశావు. ముప్పావు గంట కురిసి వెలిశావు. నీ చలి మాత్రం ఇంకా వెలవలేదు.

ఎంత తెలుపమ్మా నీది! అలాస్కా వాయవ్య తీరాన ఐసీ కేప్, దిక్కులన్నీ కలిసి ఒకే దిక్కైన చోటు, నేలా నింగీ ఒకే దుప్పటి కప్పుకున్న చోటు. మంచును తొలిచి, భూమి ఏనాడో విడిచిన ఊపిరిని వెలికి తీద్దామని వెళ్లినవారు అక్కడ ఒకరినొకరు చంపుకున్నారు. తాము తాముగా మిగల్లేదని ఒకడు కెమెరాకు చెప్పాడు, చివరికి మిగిలిన ఇద్దరూ తుపాకులను తమ వైపే తిప్పుకున్నారు. ఆ తొలిచే పని వట్టి కల్పన కాదు. నీవు పుట్టిన ఏడే గ్రీన్‌లాండ్ మంచును 3,053 మీటర్ల లోతుకు తొలిచి, అడుగున ఉన్న రాతిని తాకారు శాస్త్రజ్ఞులు. గాలిబుడగల్లో బందీ అయిన వేల ఏళ్ల గాలి వారి చేతికందింది. ఆ గాలితోపాటు మరేదైనా మేలుకుంటే? గ్లెన్ మోర్గాన్, జేమ్స్ వాంగ్ నీకు ప్రాణం పోసింది ఆ ప్రశ్నతోనే. డేవిడ్ నట్టర్ నీకు చీకటి తొడిగాడు, మార్క్ స్నో నీకు గుండెదడను స్వరంగా కట్టాడు.

ఓ సన్నని పురుగా! దారప్పోగంత ఒళ్లు, పాతాళమంత ఆకలి! చర్మం కింద జరజరా జారి, మెడ వెనక సరసరా పాకి, మెదడు మూలాన హైపోథాలమస్‌ను చుట్టుకుని, లోపలి రసాయనాన్ని పొంగించి, కోపానికి కట్టలు తెంచుతావు. నిన్ను చూస్తే పాముకాటు శాపం పొందిన పరీక్షిత్తు గుర్తొస్తాడు. కాపలాల మీద కాపలాలు, మంత్రాల మీద మంత్రాలు, ఒంటిస్తంభపు మేడ మీద ఒంటరి రాజు. పండులో చిన్న పురుగై వచ్చాడు పాముల రాజు తక్షకుడు. రాజు నవ్వి ఆ పురుగును తన మెడ మీదే పెట్టుకున్నాడు. ఎన్ని యుగాలు గడిచినా, ఎన్ని ఖండాలు దాటినా, మృత్యువుకు దారి ఆ మెడేనా!

హిమరాత్రీ, నీ వంశం గొప్పది. 1938లో జాన్ కాంప్‌బెల్ రాసిన ‘హూ గోస్ దేర్?’ నీకు మూలపురుషుడు. 1951లో వచ్చిన ‘ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’, 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ద థింగ్’ నీకు అమ్మమ్మా, అమ్మా. కార్పెంటర్ సినిమాకు పనిచేసిన గ్రేమ్ మర్రే నీకూ గోడలు కట్టాడు, అందుకే నీ నడవల్లో ఆ ఇంటి పోలిక. కానీ తల్లి చేయనిది నీవు చేశావు. ఆ సినిమాలో రాక్షసి మనిషి రూపం దొంగిలిస్తుంది. నీవు దొంగిలించవు. మనిషి ముఖం మనిషికే ఉంచుతావు, గొంతు గొంతుగానే ఉంచుతావు, పేరు పేరుగానే ఉంచుతావు. పక్కవాడి కళ్లలోంచి నమ్మకాన్ని మాత్రం వేలితో తీసినట్టు తీసేస్తావు.

మా రామసముద్రం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో పురుగంటే అసహ్యం లేదు, పురుగంటే అన్నం. మల్బరీ ఆకు మేసే సవ్వడి వింటూ నిద్రపోయే ఇళ్లు మావి, చంద్రికల మీద పట్టుగూళ్లు మెరిస్తే పండగ చేసుకునే ఇళ్లు మావి. ఆ మెత్తని పట్టుపురుగుకీ ఒక శత్రువు ఉంది. ఊజీ ఈగ వచ్చి దాని ఒంటి మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుని, పెంచిన ఒంటినే తిని పెరుగుతుంది. బయటికి కనిపించేది ఒక చిన్న నల్లమచ్చ, అంతే! కిటికీలకు వలలు కట్టి, తట్ట తట్టకూ వంగి, ఆ మచ్చ కోసం వెదికే రైతు కళ్లలో, ఓ హిమరాత్రీ, నిన్ను చూశాను. అలాస్కా మా ఊరికి దూరం కాదనిపించింది.

నీ నడిగుండె గురించి చెప్పనీ. ఆ చావుల గుట్టు విప్పడానికి ఎఫ్‌బీఐ ఏజెంట్లు మల్డర్, స్కల్లీ కొందరు శాస్త్రజ్ఞులతో అక్కడికి వెళ్లారు. బయట తుపాను, లోపల నెత్తురు. గొంతు తెగిన శవం ఒకటి దొరికింది. తుపాకులు లేచాయి, వేళ్లు వణికాయి, అనుమానం మల్డర్ మీద వాలింది. అతణ్ని గదిలోకి నెట్టి తలుపు వేశారు. మందు దొరికింది, కానీ ఎంత వింత మందు! ఒకే ఒంట్లో రెండు పురుగులు చేరితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మనిషి బతుకుతాడు. పురుగు లేని ఒంట్లోకి వదిలితే ఆ మందే రోగమవుతుంది. నిర్దోషి చెవిలో ఆ మందు పోస్తే? తీర్పు ఒక్క వెంట్రుకవాసి తప్పితే? అప్పుడు స్కల్లీ ఒంటరిగా ఆ గదిలోకి నడిచింది. మల్డర్ మెడ వెనక వేళ్లతో తడిమి చూసింది. ఆమె వెనుదిరిగినప్పుడు అతనూ ఆమె మెడను తడిమాడు. స్కల్లీగా గిలియన్ ఆండర్సన్ కళ్లలో భయం, మల్డర్‌గా డేవిడ్ డుకోవ్నీ వేళ్లలో భయం, ఆ రెండు భయాల నడుమ పూసిన నమ్మకం! ప్రేమ అన్న మాట లేదు, కౌగిలి లేదు, కన్నీరు లేదు. అయినా టీవీ తెర మీద అంతటి ప్రేమఘట్టం నేను చూడలేదు.

చివరికి పురుగు వారితో వచ్చిన శాస్త్రజ్ఞురాలు డా సిల్వా ఒంట్లో ఉందని తేలింది. ఆమె బతికింది. ఆ కేంద్రాన్ని ఎవరో తగలబెట్టారు. మంచులో మంట, మంటలో సాక్ష్యం, సాక్ష్యం బూడిద. ఇంత కాలినా కాలనిది ఒక్కటే, నీవు నేర్పిన ఆ విద్య.

అనుమానించడం పాపం కాదు, చూడకుండా తీర్పు చెప్పడమే పాపం. ఇది చదువుతున్న మీరు ఈ ఎపిసోడ్‌ను ఒకసారి చూడండి, చూసినవారైతే మళ్లీ చూడండి. ఆ తర్వాత ఇంట్లో గానీ, ఊళ్లో గానీ, పనిచేసే చోట గానీ ఎవరి మీదైనా అనుమానం మొలిస్తే, తలుపు గొళ్లెం పెట్టకముందే స్కల్లీలా లోపలికి వెళ్లండి. దగ్గరగా నిలబడి, మీ కళ్లతో చూడండి. మిమ్మల్నీ చూడనివ్వండి.