మైనస్సా, ప్లస్సా?

ఇరవై ఏళ్ల కింద దేవరకొండలో పెళ్లి డీవీడీ చేయించుకుందామని ఫొటో స్టూడియోకు పోతే, పాటలు ఏవి కలపాలన్న మాట తర్వాత వచ్చేది. ముందు స్టూడియో ఆయన ఇంకోటి అడిగేవాడు: "అన్నా, ఇది ఆడేది మీ ఇంట్లనా, వియ్యంకులోళ్ల ఇంట్లనా?" ఎవరింట్లో ఏ ప్లేయర్ ఉందో తెలిసేదాకా ఆయన ఖాళీ డిస్కును డబ్బాలోంచి బయటికి తీసేవాడు కాదు.

ఖాళీ డీవీడీలు రెండు రకాలు మరి. పయనీర్ 1997లో తెచ్చినది మైనస్. ఫిలిప్స్, సోనీ, హెచ్‌పీ లాంటివి జట్టుకట్టి ఆ తర్వాత తెచ్చినది ప్లస్. కంటికి రెండూ ఒకటే. కానీ అప్పటి ప్లేయర్లలో కొన్ని ఒక రకాన్ని చక్కగా ఆడించి, రెండో రకాన్ని లోపలికి తీసుకుని, కాసేపు గిరగిర తిప్పి, తెర మీద ‘నో డిస్క్’ అని చూపేవి. 2002లో సోనీ రెండు రకాల మీదా రాయగల రైటర్ తేవడంతో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి తగాదా తీరింది. కల్వకుర్తిలో అత్తగారు అంతకు ముందే కొనిపెట్టుకున్న ప్లేయర్‌కు మాత్రం తీరలేదు. పిల్ల తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న పెళ్లి డిస్కు అక్కడ ఆడకపోతే ఫోను వచ్చేది స్టూడియోకే. అందుకే అనుమానం ఉన్నచోట ఆయన డీవీడీ మాటే ఎత్తేవాడు కాదు. "వీసీడీ తీస్కపో అన్నా, గుడ్డి ప్లేయర్ గూడ సదువుతది" అనేవాడు.

ప్లేయర్ ఎంచుకునే విద్య నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. దుకాణంలో ప్లేయర్‌ను కాదు, ఇంట్లో డిస్కులను చూసుకుని కొనాలన్నది ఆయన పద్ధతి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి ఏ కంపెనీ బొమ్మ బాగుంటుందని బేరమాడేవాళ్లను చూస్తే ఆయనకు నవ్వు. బొమ్మ బాగుండటం డిస్కులో ఉంటే కదా ప్లేయర్‌లో కనబడేది!

వీసీడీ ప్రమాణం 1993 నాటిది. పాటల సీడీకి వాడిన డిస్కే, అదే లేజరు. అందులో 74 నిమిషాల సినిమాను అదిమి పెట్టారు. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు డిస్కులు కావాలి, నిడివి ఎక్కువైతే మూడు. మొదటి డిస్కు దాదాపు ఇంటర్వెల్ దగ్గరే అయిపోయేది, అది మన అదృష్టం. మూడు డిస్కుల సినిమా అయితే మాత్రం పాట మధ్యలో తెగేది. బొమ్మ నాణ్యత వీడియో క్యాసెట్‌కు అటూ ఇటూగా ఉండేది. కొట్లాట సీన్లలో తెరంతా చదరాలు చదరాలుగా చీలేది. అయినా ఈ ఫార్మాట్‌కు తాళం లేదు, ప్రాంతం అంకె లేదు, అచ్చు వేయడం చవక. అమెరికా పెద్దగా పట్టించుకోని వీసీడీ ఆసియా అంతటా ఇళ్లలోకి వచ్చింది ఆ మూడు కారణాలతోనే అని నా నమ్మకం.

డీవీడీ దానికంటే అన్ని విధాలా మేలు. 1995లో తోషిబా ఒక వైపు, సోనీ, ఫిలిప్స్ మరో వైపు రెండు రకాల డిస్కులు పట్టుకుని నిలబడితే, కంప్యూటర్ కంపెనీలు మధ్యలో దూరి రాజీ చేయించాయి. అలా పుట్టిన డిస్కు ఒక పొరలో 4.7 జీబీ పడుతుంది. మామూలుగా చెప్పే లెక్క 133 నిమిషాలు. హాలీవుడ్ సినిమాకు ఆ కొలత చాలు. మన సినిమాకు రెండో పొర కావాలి, లేదంటే బొమ్మను ఇంకా అదమాలి. బస్టాండు ముందు బండి మీద అమ్మిన ‘ఐదు సినిమాలు ఒకే డీవీడీ’ల సంగతి ఇక చెప్పేదేముంది. దొంగ సరుకన్న మాట పక్కన పెట్టినా, అందులో బొమ్మ వీసీడీ కంటే మెరుగ్గా ఉండటానికి చోటే లేదు. డీవీడీ ప్లేయర్ కొని, వాటిని పెట్టి, ‘డీవీడీ అంటే ఇంతేనా’ అని పెదవి విరిచినవాళ్లు నాకు తెలుసు.

ఇక్కడ చాలామందికి లెక్క తేలింది 2007లో. మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టింది. రెంటికీ తేడా ఆరు రూపాయలు. దుకాణంలో రెండూ పక్కపక్కన వేలాడుతుంటే, ఆరు రూపాయలకు ఆశపడి సినిమా మధ్యలో లేచి డిస్కు మార్చేదెవరు? ఏ ఇంజినీరు వాదనా చేయలేని పని ఆ ధర చేసింది. ఆ తర్వాత వీసీడీ మాత్రమే ఆడే ప్లేయర్ కొనడానికి కారణం కనబడలేదు. డీవీడీ ప్లేయర్ ఎలాగూ వీసీడీనీ ఆడిస్తుంది.

అమెరికాలో పెద్ద యుద్ధం నడిచిందీ ఆ రోజుల్లోనే. 2006లో తోషిబా హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ 499 డాలర్లకు వస్తే, కొద్ది నెలలకు శాంసంగ్ బ్లూ-రే ప్లేయర్ 999 డాలర్లకు వచ్చింది. న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, ఏది కొనమంటవు?" అన్నాడు. స్టూడియో ఆయన ప్రశ్నే నేను వాడిని అడిగాను: నీ దగ్గర ఏ డిస్కులున్నాయిరా? ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో పప్పు, బియ్యంతో పాటు తెచ్చుకున్న తెలుగు డీవీడీలు తప్ప వేరే లేవు. మరి వాటికి కొత్త ప్లేయర్ దేనికి? ఆగమన్నాను. 2007 మొదట్లో ఎల్‌జీ రెండూ ఆడే ప్లేయర్ 1,199 డాలర్లకు చూపించినప్పుడు వాడు మళ్లీ ఊగాడు. అది కూడా హెచ్‌డీ డీవీడీ మెనూలను సరిగా చూపలేని అరకొర రాజీయే. చివరికి 2008 జనవరి 4న వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే వైపు జరిగింది, ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. దాదాపు రెండేళ్ల యుద్ధం. మా వాడు ఒక్క డాలరూ పెట్టకుండా దాటేశాడు.

ఆ ఉత్సాహంలో ఇండియాకు వస్తూ తన పాత డీవీడీ ప్లేయర్‌ను నాకు కానుకగా తెచ్చాడు. అది 110 వోల్టుల యంత్రం, ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సి వచ్చింది. ప్రాంతం అంకె ఒకటి. మన దేశానికి ఇచ్చిన అంకె ఐదు. ఐదు అంకె డిస్కు పెడితే తలుపు వేసుకునేది. అదే సమయంలో పక్కింట్లో ఊరూ పేరూ లేని చైనా సరుకు మైనస్, ప్లస్, గీతలు పడ్డది, సగం విరిగింది అనకుండా దేన్నయినా ఆడించేది. యుద్ధకాలంలో కొనదగ్గది ఏ పక్షానికీ చెందని యంత్రమే. నేనూ తర్వాత అలాంటిదే కొన్నాను.

దుమ్ము మాట కూడా చెప్పాలి. పాలమూరు ఎండాకాలంలో ప్లేయర్ లెన్స్ మీద ఎర్రటి పొర పేరుకుంటుంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే మళ్లీ చదివేది. డిస్కుల విషయంలో స్టూడియో ఆయనకు ఒక పట్టుదల ఉండేది. సీడీ మీద పేర్లు బాల్‌పెన్నుతో రాయనిచ్చేవాడు కాదు, మార్కర్ మాత్రమే. సీడీలో బొమ్మ ఉండే పొర పైన పేరు రాసే వైపే, పల్చటి పూత కింద ఉంటుంది. కింది వైపు గీత పడితే చాలాసార్లు రుద్ది బాగుచేయొచ్చు. పైవైపు పెన్ను మొన దిగితే ఇక అంతే. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య దాగి ఉంటుంది. బ్లూ-రేలో కింది ముఖానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది కాబట్టి దానికి గట్టి పూత వేయాల్సి వచ్చింది. హెచ్‌డీ డీవీడీ పాత కొలతనే ఉంచుకుంది, పాత ఫ్యాక్టరీల్లోనే కొద్ది మార్పులతో తయారయ్యేది. చవకైనదీ, తేలికైనదీ ఓడిపోయింది. యుద్ధాల్లో అదేం కొత్త కాదు.

మా ఇంట్లో ఇప్పటికీ ఒక ప్లేయర్ ఉంది. సినిమాల కోసం కాదు. సినిమాలు ఏదో ఒక రూపంలో మళ్లీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. మా ఊళ్లో ఒక సంక్రాంతికి ఆడిన చిరుతల రామాయణాన్ని స్టూడియో ఆయనే తీసి మూడు వీసీడీలుగా ఇచ్చాడు. రావణుడి వేషం కట్టినాయన ఇప్పుడు లేడు. ఆ డిస్కులు ఫ్యాక్టరీలో అచ్చయినవి కావు, రంగు పొర మీద కాల్చి రాసినవి. ఎండకూ వేడికీ ఆ రంగు పాడవుతుంది. రెండో డిస్కు నలభయ్యో నిమిషం దగ్గర ఇరుక్కుంటోందని మొన్న వాటిని పట్టుకుని ఆయన దగ్గరికే పోయాను.

స్టూడియో ఇప్పుడు కొడుకు చూస్తున్నాడు. పెళ్లిళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఇస్తున్నారు. మూడు డిస్కులనూ కలిపి ఒకే ఫైలు చేసిస్తానన్నాడు. చేస్తూ చేస్తూ, "కాకా, మీ టీవీ ఎన్నేండ్ల కిందిది?" అని అడిగాడు. పాత టీవీలు కొన్ని ఫ్యాట్-32లో ఉన్న పెన్‌డ్రైవ్‌నే చదువుతాయట. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. మా రామాయణం చిన్నదే కాబట్టి ఒకే ముక్కగా పట్టింది. పక్కన కూర్చున్న పెళ్లివాళ్లది 20 జీబీ ఉంది. వాళ్లను మాత్రం ఆడేది ఏ ఇంట్లోనని అడిగి, ఐదారు ముక్కలు చేయడం మొదలుపెట్టాడు.