చదరాల పటంలో వాడ ఎక్కడ?

హైదరాబాదు కరెంటు బండ్ల నగరం అవుతోందని కొన్నేళ్లుగా వింటున్నాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం, ఫార్ములా ఈ, జరిపించారు. రోడ్లు మూసి కంచెలు కట్టి గ్యాలరీలు లేపారు. అక్కడికి దగ్గర్లోనే బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహం పనులు అప్పుడింకా నడుస్తున్నాయి. ఏప్రిల్ 14న దాన్ని ఆవిష్కరించారు. రెండు నెలల తేడాతో ఒకే చోట జరిగిన ఈ రెండు పండుగల్ని కలిపి చదవాలని మాకప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

ఎందుకంటే కరెంటు ఎవరి చేతిలో ఉండాలనే ప్రశ్న ఈ దేశంలో ముందుగా అడిగినవాళ్లలో అంబేడ్కర్ ఒకరు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయనది. విద్యుత్తు, నీటి వనరుల విధానం కూడా దాని కిందికే వచ్చేది. 1943లో విద్యుత్తు విధాన సంఘం ముందు ఆయన మాట్లాడింది పేదరికం గురించి. పరిశ్రమ లేక పేదరికం పోదు, కరెంటు లేక పరిశ్రమ లేదు, ఆ కరెంటు చవకగా పుష్కలంగా అందాలి. ఇదీ ఆయన వాదం. 1947లో 'రాష్ట్రాలు-మైనారిటీలు' రాసేనాటికి కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలన్నారు. విగ్రహం కట్టినవాళ్లకు రాజ్యాంగం రాసిన చెయ్యి గుర్తుంది, కరెంటు ఫైలు పట్టిన చెయ్యి గుర్తులేదు.

సరే, పాలసీ పత్రాల్నే సాహిత్యంలాగా చదువుదాం. ఇందులో నాయకుడెవరు? 2020 అక్టోబరులో తెలంగాణ ప్రకటించిన కరెంటు వాహనాల విధానం రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీకి ఒక్కొక్క రకం బండికి ఒక హద్దు పెట్టింది. మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలు, 20 వేల ఆటోలు, 5 వేల సొంత కార్లు, ఇట్లా. 2024 నవంబరు 18 నుంచి అమలైన కొత్త ఉత్తర్వు ఆ హద్దులు ఎత్తేసి, 2026 డిసెంబరు 31 దాకా రిజిస్టరైన ప్రతి బండికీ మాఫీ అన్నది. మా రిజర్వేషన్లకు 1992లో ఇంద్రా సహానీ తీర్పు 50 శాతం దగ్గర గీత గీసింది. కార్లవాళ్ల రాయితీకి గీతే లేదు. దీన్ని మాత్రం ఎవరూ మెరిట్‌కు అన్యాయం అనరు!

లెక్క చూద్దాం. 40 లక్షల సొంత కారుకు జీవితకాల పన్ను 2024లో 18 శాతం ఉండేది. అంటే అప్పుడు కరెంటు కారు కొన్న పెద్దమనిషికి మిగిలింది 7 లక్షల 20 వేలు. 90 వేల స్కూటరుకు 12 శాతం చొప్పున మిగిలేది 10,800. మరి ఆటో? ఆటోలకు రవాణా పన్ను రాష్ట్రం వచ్చిన కొత్తలోనే తీసేశారు. లేని పన్నును మాఫీ చేస్తే డ్రైవరుకు మిగిలేదేమిటి? వాడికి కావలసింది తక్కువ వడ్డీకి అప్పు. పన్ను మాఫీ ఉత్తర్వులో అప్పు ఊసు లేదు.

ఇక చార్జింగు. 2018లో కేంద్రం చార్జింగు స్టేషను పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదన్నది. 2019 మార్గదర్శకాలు నగరాన్ని 3 కిలోమీటర్ల పొడవు 3 కిలోమీటర్ల వెడల్పు చదరాలుగా కోసి, చదరానికి కనీసం ఒక స్టేషనుండాలన్నవి. వినడానికి ఎంత సమానత్వం! స్కేలు పెట్టి గీసిన గీతకు కులం లేదు కదా. కానీ చదరం లోపల స్టేషను ఎక్కడ పెట్టాలో గీత చెప్పదు. జాగా ఉన్నవాడు, పార్కింగు ఉన్నవాడు చెప్తాడు. కనుక అది మాల్‌కు పోతుంది, మెట్రో స్టేషనుకు పోతుంది, పెట్రోలు బంకుకు పోతుంది. ఊరికి దక్షిణాన వాడను పెట్టినవాడు కనీసం దిక్కు చెప్పి పెట్టాడు. ఈ పటంలో వాడ ఉందో లేదో కూడా తెలియదు, ఎందుకంటే వాడ కూడా చదరంలోనే లెక్క.

"ఇంట్ల పెట్టుకోవచ్చు గద" అంటారు. మా బస్తీలో ఒక అన్న పాత ఆటో అమ్మి కరెంటు ఆటో తీసుకున్నడు. ఇంటి ఓనరు మొదటి వారమే వైరు పీకించిండు. ఆయన్ని తప్పు పట్టడం కూడా కష్టమే. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక హోటల్ కింది కరెంటు బైకుల షోరూంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. నాలుగు కుటుంబాలకు ఒకటే మెట్లున్న ఇంట్లో ఆ భయం పెద్దది.

ఓనరు ఒప్పుకున్నా ఇంకో చిక్కుంది. దీన్ని ఎవరూ చర్చలోకి తేవడం లేదని మా ఫిర్యాదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడిన తెల్లకార్డు ఇంటికి సున్నా బిల్లు వస్తున్నది. ఆటోకు రోజుకు 8 యూనిట్లు పట్టినా 25 రోజులకు 200. ఇంట్లో ఫ్యాను, టీవీ, బియ్యం కుక్కరు కలిపి ఇంకో 80. హద్దు దాటినందుకు పై 80కి కాదు, మొత్తం 280కీ బిల్లు కట్టాలి. ఒక చేత్తో ఇచ్చిన పథకాన్ని ఇంకో చేత్తో ఇచ్చిన పథకం తినేస్తుంది. రెండూ ఒకే సర్కారువి, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. అంతస్తుల అపార్ట్‌మెంట్లో కారు చార్జింగు పెట్టుకునేవాడికి ఈ బెడదే లేదు. వాడు మొదటినుంచీ బిల్లు కట్టేవాడే.

మేం కరెంటు బండికి వ్యతిరేకులం కాదు. పొగ ముందుగా పోయేది రోడ్డు పక్క గుడిసెలోకే, ట్రాఫిక్ మధ్య ఊడ్చే సఫాయి అక్క ఊపిరిలోకే. ఆ పొగ తగ్గాలంటే ముందు మారాల్సింది బస్సు. అక్కడా ఒక మెలిక ఉంది. 2019లో విమానాశ్రయం దారిలో వచ్చిన 40 కరెంటు బస్సులు ఆర్టీసీవి కావు, కిలోమీటరుకింత అని అద్దెకు తీసుకున్నవి. బండి కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి, మెకానిక్కు కంపెనీ మనిషి. 2025లో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాదుకు కేటాయించిన 2,000 బస్సులూ ఈ అద్దె పద్ధతివే. ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగంలో రోస్టరుంది, మా వాటా ఉంది. మా ఇండ్లల్లో మొదటి నెలజీతం అట్లాగే వచ్చింది, మా చదువులూ దాంతోనే సాగినై. కంపెనీ డ్రైవరుకు రోస్టరు లేదు. పొగతోపాటు రిజర్వేషనూ ఎగిరిపోయే ఈ ఏర్పాటును పర్యావరణవాదులు పచ్చగా ఉందంటే మేం ఎట్లా ఒప్పుకోవాలి? 2019లో 50 రోజులకు పైగా సమ్మె చేసిన కార్మికులు ఈ అద్దె బస్సుల గురించి ముందే మొత్తుకున్నారు.

అడగాల్సినవి చిన్నవే. ఆటో చార్జింగుకు వేరే మీటరు ఇచ్చి ఆ యూనిట్లను గృహజ్యోతి లెక్కలో కలపొద్దు. బస్తీ కమ్యూనిటీ హాలు దగ్గర, సర్కారు బడి గోడ పక్కన చార్జింగు పెట్టాలి. దాన్ని బస్తీ ఆడవాళ్ల సంఘాలకు అప్పజెప్పాలి. అద్దె బస్సు ఒప్పందంలో రోస్టరు షరతు రాయాలి.

మా అన్న ఇప్పుడు రాత్రి పదకొండు తర్వాత మూడు కిలోమీటర్లు పోయి డబ్బులిచ్చి చార్జింగు పెట్టుకుంటున్నడు. నిండేదాకా వెనక సీట్లో పడుకుంటడు. పోను మూడు, రాను మూడు. ఆ ఆరు కిలోమీటర్లకు గిరాకీ ఉండదు.