గొంతు మారిందా?

వైద్య కరపత్రాలను తెలుగు చేయడం నా వృత్తి. ఈ వారం నన్ను ఆపేసిన మాట 'వైరిలైజేషన్'. ఆడవాళ్ల ఒంట్లో ఆండ్రోజెన్ హార్మోన్లు బాగా పెరిగిపోయి గొంతు బొంగురుపోవడం, కణతల దగ్గర జుట్టు ఊడిపోవడం, కండలు తేలడం వంటి మార్పులు వస్తే డాక్టర్లు ఈ మాట వాడతారు.

వినగానే వైరస్ గుర్తొస్తుంది గానీ, రెంటికీ సంబంధం లేదు. వైరస్ లాటిన్‌లో విషం. మన 'విషా'నికి దాయాది. వైరిలైజేషన్‌కు మూలం లాటిన్ 'విర్', అంటే మగవాడు. సంస్కృత 'వీర' దానికి తోబుట్టువు. ఆండ్రోజెన్‌లో ఉన్నది గ్రీకు 'అనేర్'. షష్ఠీ విభక్తిలో 'ఆండ్రోస్' అవుతుంది. అది మన 'నర' శబ్దానికి చుట్టం. 'జెన్' అంటే పుట్టించేది.

1931లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాంట్ ఏకంగా 15,000 లీటర్ల మగవాళ్ల మూత్రాన్ని వడగట్టి 15 మిల్లీగ్రాముల ఆండ్రోస్టెరాన్ అనే ఆండ్రోజెన్ తీశాడు. పేరులో మగతనం అలా పాతుకుపోయింది. కానీ అండాశయాలూ అడ్రినల్ గ్రంథులూ ఆడవాళ్లలోనూ ఆండ్రోజెన్లను తయారుచేస్తాయి. ఈస్ట్రోజెన్ తయారయ్యేది ఆ ఆండ్రోజెన్ల నుంచే!

చాలా ఏళ్ల కిందట ఒక కరపత్రంలో వైరిలైజేషన్‌ను 'పురుషీకరణ' అని రాశాను. ఆస్పత్రి వరండాలో ఒక డిగ్రీ అమ్మాయి దాన్ని చదువుతుంటే చూశాను. వేలు ఆ మాట మీద ఆగిపోయింది. చున్నీ గడ్డం మీదికి లాక్కుని, "అమ్మా, నేను మగాడిలా అయిపోతానా?" అంది. ఆ పిల్లకున్నది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య, గడ్డం కింద నాలుగు వెంట్రుకలు. అలా వెంట్రుకలు రావడాన్ని హిర్సూటిజం అంటారు, అవాంఛిత రోమాలు. వైరిలైజేషన్ వేరు, చాలా అరుదు. ఆ తేడా నా అనువాదంలో లేదు. ఆ చున్నీ నన్ను ఇప్పటికీ వదలలేదు.

పైగా 'పురుషీకరణ' అన్న మాట ఏం చూసుకోవాలో కూడా చెప్పదు. కొద్ది నెలల్లోనే గొంతు మారిపోతే అండాశయంలోనో అడ్రినల్‌లోనో గడ్డ ఉందేమో డాక్టర్లు వెతకాలి. జిమ్‌లో ఇచ్చే స్టెరాయిడ్లతోనూ ఇలా జరగొచ్చు. ఒకసారి మారిన గొంతు చికిత్స తర్వాత కూడా చాలామందిలో పూర్తిగా వెనక్కి రాదు.

అందుకే ఈసారి పైన పెద్ద అక్షరాల్లో 'ఈమధ్య మీ గొంతు మారిందా?' అని రాశాను. వైరిలైజేషన్ అన్న మాటను తీసేయలేదు. డాక్టరుగారు ఆ మాట అంటే గుర్తుపట్టాలి కదా, అడుగున చిన్న అక్షరాల్లో ఉంచాను.